పిల్లల కథలో నా స్నేహితురాలిని చిన్నబుచ్చానా?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక విషయం మాత్రమే క్లుప్తంగా చెబుతాను. ఆమెకు అరవై ఒక్కేళ్లు, నిరుడు ఉద్యోగ విరమణ చేశారు. బాల్యమంతా పెదవాల్తేరులో గడిచింది. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా ఆమెతో కలిసి చదువుకున్న స్నేహితురాలు పెదజాలరిపేట పిల్ల. ఆ పిల్ల తండ్రి తెప్ప మీద వేటకు వెళ్లేవాడు, తల్లి గంపలో చేపలు పెట్టుకుని వీధుల్లో అమ్మేది. ఎనిమిదితో చదువు ఆగిపోయాక ఆ పిల్ల కూడా గంప ఎత్తుకుంది. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఎప్పుడైనా వీధిలో ఎదురుపడితే పలకరించుకోవడం తప్ప ముప్పై ఏళ్లు ఇద్దరి మధ్య రాకపోకలు లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసిన తరువాత మళ్లీ కలిశారు.

నిరుడు బాలల దినోత్సవానికి మనవడి బడిలో పెద్దవాళ్లను దయ, స్నేహం అనే విషయాల మీద కథలు రాసి ఇమ్మన్నారట. ఈమె తన చిన్ననాటి సంగతే కథగా రాశారు. చేపల వాసన వస్తోందని పిల్లలంతా ముక్కు మూసుకుని దూరం జరిగితే, వకీలు గారమ్మాయి ఒక్కతే లేచి వెళ్లి జాలరి పిల్ల పక్కన కూర్చుంటుంది. తన క్యారేజీలో అన్నం సగం పెడుతుంది. చివరికి తన కొత్త చెప్పులు ఇచ్చేస్తుంది. జాలరి పిల్ల కళ్లనీళ్లతో ఆమె చెయ్యి పట్టుకోవడంతో కథ ముగుస్తుంది. టీచర్లు మెచ్చుకుని చిన్న పుస్తకంగా అచ్చు వేశారు. సంక్రాంతికి ఈమె ఆ పుస్తకాన్ని సంబరంగా తీసుకెళ్లి స్నేహితురాలి మనవరాలికి ఇచ్చారు. ఐదో తరగతి చదువుతున్న ఆ పిల్ల ఇంటిల్లిపాదీ వింటుండగా పైకి చదివి, "మామ్మా, నిన్ను చూసి అందరూ ముక్కు మూసుకునేవారా?" అని అడిగింది. స్నేహితురాలు అప్పుడు ఏమీ అనలేదు. తరువాత ఫోను తియ్యడం మానేశారు. నెల తరువాత సంతలో ఎదురుపడినప్పుడు ఒక్క మాట అని వెళ్లిపోయారు: "ఏటే, నీ కతలో నాను పుచ్చుకోడానికే ఉన్నానేటే? నీకు నానెప్పుడూ ఏటీ పెట్టలేదేటే?"

ఇప్పుడు పిల్లల కథల సంకలనం వేస్తున్నవారు ఆ కథను అడుగుతున్నారు. నెలాఖరులోగా చెప్పాలి. పేర్లు మార్చావు కదా, ఇందులో తప్పేముంది అంటారు భర్త. వెంటనే వెనక్కు తీసుకోమంటుంది కూతురు. కథ అంటే ప్రాణం పెట్టే మనవడు ఆ స్నేహితురాలిని చూపించమంటున్నాడు. "నేను ప్రేమతోనే రాశాను. ఒక్క అబద్ధమూ రాయలేదు. మరి ఎందుకు గుచ్చుకుంది? ఇప్పుడేం చెయ్యాలి?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, మీ స్నేహితురాలు మీకు ఏదైనా ఇచ్చినట్టు ఉన్నచోటల్లా గీత గీస్తూ చదివాను. రెండో పేజీలో, ఎండాకాలం ఆమె తెచ్చే తాటి ముంజెలు, చలికాలం తెచ్చే తేగలు. నాలుగో పేజీలో, మీ అమ్మగారు ఆపరేషనుకు కె.జి.హెచ్. పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు మీ తమ్ముణ్ణి ఇరవై రోజులు వాళ్లింట్లో ఉంచుకుని, మీరు చేపలు తినరని వాడికోసం వేరే గిన్నెలో పప్పూ అన్నం వండిపెట్టిన వాళ్లమ్మ. ఆరో పేజీలో, తుపాను వెళ్లిన మూడో రోజున, కరెంటు లేక మోటార్లు తిరగక మీ అపార్ట్‌మెంటు అంతా గుక్కెడు నీళ్లకు అల్లాడుతుంటే, అడగకుండానే కొడుకు చేత మోపెడ్ మీద నాలుగు క్యాన్ల నీళ్లు పంపించిన సంగతి. ఇవన్నీ మీరే రాశారు. దాచలేదు, తగ్గించలేదు. అయితే ఒక్కొక్కటి ఒక్కొక్క వాక్యంలో, వేరే విషయం చెబుతూ మధ్యలో వచ్చి వెళ్లిపోయాయి. మీరిచ్చిన చెప్పుల జత గురించి మాత్రం ఉత్తరంలో పేజీన్నర ఉంది. కథలో ఆ చెప్పులు ఉన్నాయి, నీళ్ల క్యాన్లు లేవు, పప్పు గిన్నె లేదు, ముంజెకాయ ఒక్కటి కూడా లేదు.

అబద్ధం రాయలేదన్న మీ మాట నిజమే. అయితే ఇద్దరి ఖాతా ఉన్న పుస్తకంలో ఒక పక్క అంకెలు మాత్రమే చదివి వినిపిస్తే, చదివిన ప్రతి అంకే సరైనదైనా, విన్నవారికి అవతలి మనిషి బాకీదారుగానే కనిపిస్తుంది. ఆ లెక్కే తప్పు. మీ స్నేహితురాలు అడిగిన రెండో ప్రశ్నకు అర్థం ఇదేనని నాకు అనిపిస్తోంది. ఆమెకు కోపం వచ్చింది పేదరికం బయటపెట్టినందుకు కాదు. ఊరందరికీ తెలిసిన పేదరికాన్ని దాచుకునే మనిషిలా ఆమె కనిపించడం లేదు.

మీ ఉత్తరంలో ఇంకొక చోట కూడా ఆగిపోయాను. టీచరు ఆ పిల్లను వెనక బెంచీకి పంపినప్పుడు, "నిజానికి నేను వెంటనే వెళ్లలేదు, వారం తరువాత వెళ్లాను, కానీ కథకు అది బాగుండదని మార్చాను" అని కుండలీకరణాల్లో రాశారు. మీ మీద నాకు గౌరవం పెరిగింది ఆ వాక్యం దగ్గరే, ఎందుకంటే అది రాయకపోతే నాకు తెలిసే దారి లేదు. కానీ ఆ వారం రోజులూ వెనక బెంచీలో ఒంటరిగా కూర్చున్న మనిషికి మాత్రం తెలుసు. యాభై ఏళ్ల తరువాత మనవరాలి గొంతులో "అమ్మాయి వెంటనే లేచి వెళ్లి పక్కన కూర్చుంది" అని విన్నప్పుడు ఆమెకు ఎలా ఉండి ఉంటుంది? తన కష్టాన్ని వాడుకున్నారని కొంత, ఆ కష్టంలోంచి ఆ వారాన్ని తీసేశారని కొంత అనిపించి ఉంటుంది. ఇది నా ఊహ. ఆమె వేరే చెప్పవచ్చు.

అన్నిటికన్నా ముందు తేలవలసిన ముడి ఒకటుంది, దాన్ని మీ ఇంట్లో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆ ఐదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. పిల్లల కోసం కథ రాసేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. దయ గురించి రాసేటప్పుడు, వినే పిల్లలందరూ ఇచ్చే చేతి వైపే కూర్చుని ఉంటారనుకుంటాం. చిరిగిన చొక్కా పిల్లాడు, చివర్లో ఒక బహుమతి, ఒక కన్నీటి చుక్క: మన పిల్లల కథల్లో ఈ మూడూ కలిసి ఎన్ని వందలసార్లు వచ్చాయో! (నేను కూడా ఒకప్పుడు రెండు రాశాను. దొరికితే చింపేస్తాను.) కానీ ఏ తరగతి గదిలోనైనా కథ వినే పిల్లల్లో పుచ్చుకున్న చేతి వైపు పిల్లలు కూడా ఉంటారు. మీ మనవడు ఆ కథలో వకీలు గారమ్మాయిగా ఉన్నాడు, అందుకే అతనికి అంత ఇష్టం. మీ స్నేహితురాలి మనవరాలు చదువుతూ చదువుతూ తాను ఎవరో వెతుక్కుంది, ముక్కులు మూయించిన పిల్లగా తన మామ్మ దొరికింది. రేపు బడికి వెళ్లేటప్పుడు తన బట్టలను తానే వాసన చూసుకోదని మీరు చెప్పగలరా?

ఇక మీ ముందున్న దారులు. మీవారు చెప్పినట్టు పేర్లు మారాయి కనుక కథను ఉన్నదున్నట్టు అచ్చుకు ఇవ్వవచ్చు. దానిలో చట్టపరమైన తప్పేమీ ఉండకపోవచ్చు. అయితే పేరు తప్ప మరేమీ మారలేదు: తెప్ప, గంప, పేట, ఆఖరికి నుదుటి మీది కాలిన మచ్చ కూడా అలాగే ఉంది. ఆ పేటలో ఎవరి చేతికి పుస్తకం వచ్చినా ఐదు నిమిషాల్లో పోల్చుకుంటారు. ఆమె తన బాధను నోరు తెరిచి చెప్పిన తరువాత అచ్చు వేయడం, చెప్పక ముందు వేయడం ఒకటి కాదు. మొదటిది తెలియక జరిగింది, రెండోది తెలిసి చేసినట్టు అవుతుంది. ఈ దారిలో మీకు పుస్తకం మిగులుతుంది. స్నేహం మిగిలే అవకాశం నాకు కనిపించడం లేదు.

అమ్మాయి చెప్పినట్టు కథను వెంటనే వెనక్కు తీసుకోవచ్చు. ఇది పెద్దమనిషి తరహా, ఎవరూ తప్పుపట్టరు. కానీ దీనిలోనూ ఒక చిక్కు ఉంది. బడిలో పంచిన పుస్తకాలు ఇళ్లలో ఉన్నాయి, అవి తిరిగి రావు. ఆమె అడిగింది కూడా కథ చెరిపేయమని కాదు, తాను పెట్టింది ఎక్కడికి పోయిందని. మీరు మౌనంగా కథ తీసేస్తే ఆ ప్రశ్నకు జవాబు రాదు సరికదా, "నా పేరెత్తితేనే దీనికి ఇబ్బందయింది కామోసు" అని ఆమె మరోలా అనుకోవచ్చు. పైగా మీ మనసులో "ఆమె కోసం నా కథ వదులుకున్నాను" అన్న లెక్క ఒకటి మొదలవుతుంది. మీ ఇద్దరి మధ్య ఇప్పటికే ఉన్న ఒంటిచేతి లెక్కలో ఇంకొక అంకె చేరుతుంది.

క్షమాపణ చెప్పి, కథ సంగతి అక్కడితో వదిలెయ్యడం మూడో దారి. చెప్పండి, తప్పకుండా చెప్పండి. ఎలా చెబుతారన్నదే నా బెంగ. చీర, పళ్లు, స్వీట్లు పట్టుకుని, కారులో పేటలోకి వెళ్లి, నలుగురూ చూస్తుండగా చేతులు పట్టుకోవాలని ఉందని రాశారు. వద్దమ్మా. అది మీ కథకు రెండో భాగం అవుతుంది: మళ్లీ మీరే ఇస్తారు, మళ్లీ ఆమే పుచ్చుకుంటుంది, మళ్లీ కన్నీళ్లు.

ఇక్కడ నిరుడు వేసవిలో జరిగిన డబ్బు సంగతిని కూడా కలిపి చూడాలి. ఏటా మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో ఆమె కొడుకుకు పని లేదని తెలిసి మీరు ఐదు వేలు ఇచ్చారు. పడవలు మళ్లీ కదిలిన నెలకు ఆమె ఆ ఐదు వేలూ తెచ్చి మీ చేతిలో పెట్టి వెళ్లారు. "పరాయిదానిలా లెక్క తీర్చేసింది" అని మీరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో పరాయితనం కనబడలేదు. మీరు సాయం అనుకుని ఇచ్చారు, ఆమె చేబదులు అనుకుని తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు మీరు ఆ మాట అనలేదు, తీసుకునేటప్పుడు ఆమె అనలేదు. చేబదులు అనేది సమానుల మధ్య మాట. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు అన్న ధీమా ఉన్నచోటే అది నడుస్తుంది. డబ్బు తిరిగి ఇవ్వడమంటే, రేపు మీరు కూడా తన దగ్గర అడగవచ్చునని ఆమె చెప్పడం. ఆ తరువాత నాలుగు నెలలకే మీ కథ వచ్చింది.

మనకు అందరికీ తెలిసిన కుచేలుడి కథను ఈ కోణం నుంచి ఒకసారి గుర్తు చేసుకోండి. కృష్ణుడు సిరిసంపదలు ఇచ్చాడన్నదే మనం పిల్లలకు చెబుతాం. కానీ భాగవతంలో ఆ ఘట్టం నడిచే వరస వేరు. చిరిగిన బట్టలతో వచ్చిన మిత్రుణ్ణి కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, కృష్ణుడు మొదట తీసేది చిన్ననాటి కబుర్లు: సాందీపని దగ్గర చదువుకునే రోజుల్లో గురుపత్ని కట్టెలకు పంపితే, అడవిలో గాలివాన ముంచుకొచ్చి, దారి తెలియని చీకట్లో చేతులు పట్టుకుని ఇద్దరూ తిరిగిన సంగతి. ఆ రాత్రి ఇద్దరూ ఒకే వానలో తడిశారు. తరువాత "నాకేం తెచ్చావు?" అని అడుగుతాడు. సిగ్గుపడి దాచుకున్న మూటను తానే లాక్కుని గుప్పెడు అటుకులు నోట్లో వేసుకుంటాడు. ముందు పుచ్చుకున్నది కృష్ణుడే. కుచేలుడు ఏమీ అడగలేదు, కృష్ణుడు అతని ఎదుట ఏమీ ఇచ్చినట్టు కనిపించలేదు కూడా. ఇంటికి వెళితే గాని కుచేలుడికి తెలియలేదు.

అందుచేత నాకు మంచిదనిపించిన నాలుగో దారి ఇది. ఇదే చెయ్యాలని శాసించడం లేదు. ఉత్త చేతులతో వెళ్లండి. నడిచి వెళ్లండి, మీ ఇంటికి ఆ పేట ఎంతో దూరం కాదు. మధ్యాహ్నం పని తెమిలి, కాస్త తీరిక ఉండే వేళ చూసుకోండి. వెళ్లి, వివరణలు మొదలుపెట్టకుండా, "నువ్వు పెట్టినవన్నీ నేను రాయలేదే. ఆ వారం రోజుల సంగతి కూడా రాయలేదు" అనండి. ప్రేమతోనే రాశానని మాత్రం అనకండి; అది నిజమే అయినా, ఆ మాట విన్నాక ఆమె మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. టీ ఇస్తే తాగండి. తేగలు పెడితే తినండి, ఇంకో రెండు అడిగి తెచ్చుకోండి. ఆమె తిడితే వినండి. ఆ రోజు మాట్లాడకపోతే తిరిగి వచ్చి, వారం ఆగి మళ్లీ వెళ్లండి. ఆమె అప్పట్లో మీకోసం ఒక వారం ఆగారు కదా.

కథ మాట ఆమె ఎత్తితేనే ఎత్తండి. అప్పుడు అడగవలసింది "అచ్చు వేసుకోనా?" అని కాదు, "నువ్వైతే ఎలా చెబుతావు?" అని. ఆమె చెబితే, మనవరాలి చేత రాయించండి. ఎనిమిది చదివిన మనిషి, తానే రాస్తానన్నా ఆశ్చర్యం లేదు. అయితే ముందే ఒక హెచ్చరిక: ఆమె చెప్పే కథలో వకీలు గారమ్మాయి మీరు అనుకున్నంత మంచిదిగా ఉండకపోవచ్చు. ఆ చెప్పులు కరిచి కాలికి పుండు పడిందని చెప్పవచ్చు. మీ ఇంట్లో తనకు వేరే గ్లాసు ఉండేదని చెప్పవచ్చు; ఉండేదో లేదో నాకు తెలియదు, మీకు తెలుసు. అది వినడానికి సిద్ధంగా లేకపోతే అడగకండి, ఒట్టి క్షమాపణతో ఊరుకోండి. అడిగి, విని, మళ్లీ మీకు నచ్చినట్టు దిద్దితే ఇప్పటికన్నా పెద్ద గాయం అవుతుంది. "నా సంగతి ఎవరికీ చెప్పొద్దు" అని ఆమె అంటే ఆ కథ అంతటితో ముగిసింది, మీకెంత ప్రియమైనదైనా సరే.

ఆమె ఒప్పుకుంటే, కొత్త కథకు కావలసిన సరుకు మీ దగ్గరే ఉంది. వెనక బెంచీకి వెళ్లడానికి ఒక పిల్లకు వారం పట్టింది. ఆ వారం ఆమె ఏం ఆలోచించింది? మిగతావాళ్లు నవ్వుతారని భయపడిందా? వెనక్కు తిరిగి చూసిందా? దయ చూపించాలని ఉండి కూడా కాళ్లు కదలని ఆ వారం ప్రతి బడి పిల్లకూ తెలిసినదే, మీ మనవడికి కూడా. వెంటనే లేచి వెళ్లే అమ్మాయిని పిల్లలు మెచ్చుకుంటారు గాని నమ్మరు. అలాగే పప్పు గిన్నె సంగతి. తమకు అలవాటు లేని వంటను, తమ ఇంట్లో, పక్కింటి పిల్లాడి కోసం ఇరవై రోజులు వండిన తల్లి గురించి నేను పిల్లల పుస్తకాల్లో చదివిన గుర్తు లేదు. మిత్రలాభం కథల్లో ఎలుక, కాకి, తాబేలు, లేడి ఉన్నాయి చూడండి, వాటిలో దానం చేసేది ఒకటి, పుచ్చుకునేది ఒకటి అని విడదీయలేం. వలలో పడ్డ లేడిని ఎలుక విడిపిస్తుంది. ఇంట్లో ఉండలేక నెమ్మదిగా నడిచి వచ్చిన తాబేలు వేటగాడికి దొరికిపోతుంది. దాన్ని విడిపించడానికి అంతకుముందే వలలో పడి బయటపడ్డ లేడే చచ్చినట్టు పడుకుంటుంది. చిన్నయ సూరి 1853లో నీతిచంద్రికలో చెప్పిన నాటి నుంచి తెలుగు పిల్లలు చదువుతున్న కథే అది. మీ ఇద్దరి కథ కూడా అదే అచ్చులో ఉంది. మీరు ఒక జంతువును మాత్రం వదిలేశారు.

ఆ చిన్న పిల్ల ప్రశ్న మిగిలింది. దానికి జవాబు మీ స్నేహితురాలి అనుమతితో మీరే చెప్పడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ప్రశ్న పుట్టించింది మీరు. "అవునమ్మా, మూసుకునేవారు. వాళ్లది తప్పు. నేను కూడా వారం రోజులు పక్కన కూర్చోలేదు, అదీ తప్పే. మీ మామ్మ మాత్రం ఆ తరువాత కూడా నాకు తేగలు తెచ్చేది" అని ఎదురుగా కూర్చుని చెబితే చాలు. ఆ పిల్ల ఇంకా ఏవో అడుగుతుంది, అడగనివ్వండి.

మీ మనవడిని తీసుకెళ్లండి గాని మొదటిసారి వద్దు. "కథలో పిల్ల ఈవిడేనా?" అని వాడు గుమ్మంలోనే అడుగుతాడు, వాడి తప్పేమీ లేదు. ముందు ఇంట్లో నీళ్ల క్యాన్ల సంగతి, వాడి చిన్న తాతయ్యకు, అంటే మీ తమ్ముడికి, పప్పూ అన్నం పెట్టిన సంగతి చెప్పి, అప్పుడు తీసుకెళ్లండి.

సంకలనం వారికి ఈ వారమే రెండు వాక్యాల ఉత్తరం రాసి మూడు నెలలు గడువు అడగండి. కారణం చెప్పనక్కరలేదు, కథను తిరగరాస్తున్నానంటే వారికి అర్థమవుతుంది. గడువు ఇవ్వలేమంటే ఈసారికి మీ కథ లేకుండానే పుస్తకం వేసుకోమనండి.